రుద్రమదేవి యెవరి కూతురు?

కట్టంగూరు నుండి విజయవాడ రహదారిన తూర్పుగా సాగినచో నకిరేకల్లు వచ్చును. ఆ నకిరేకల్లు మండలములోనిదే చందుపట్ల గ్రామము. ఈ సీమవారికి అది క్రొత్త యూరు కాదు. ఆ పల్లెలో వెలుగు చూచిన యొక శిలాశాసనము, తెలుగునేలను పాతికయేండ్లకు పైగా నేలిన యొక మహారాణి మరణకాలమును లోకమునకు తెలిపినది. ఆ రాణి కాకతి రుద్రమదేవి.

రుద్రమదేవి పేరు వినని తెలుగువాడు లేడు. ఆమె శౌర్యమును గూర్చి పిల్లలు బడిలో చదువుకొందురు. పెద్దలు నాటకములలో చూచిరి. అయినను ఇంతటి ప్రసిద్ధురాలి పుట్టుకయు మరణమును చాలకాలము సందేహములతో నిండియుండెను. ఆమె తండ్రి యెవరను ప్రశ్నకే పుస్తకములు ఒక్క సమాధానము చెప్పలేదు. అంతేకాదు, గణపతిదేవ చక్రవర్తికి ఆమె కూతురని కొందరును, భార్య యని మరికొందరును వ్రాసిరి. తండ్రినే భర్తగా చెప్పిన పొరపాటు అచ్చుపుస్తకముల వరకును ప్రాకినది. ఒక స్త్రీ చరిత్రకు ఇంతకుమించిన అన్యాయము మరియొకటి యుండునా? ఆ పొరపాటు ఎట్లు పుట్టినదో, ఏయే రాళ్లు దానిని దిద్దినవో తెలిసికొన్నప్పుడే రుద్రమదేవి జీవితము చక్కగా బోధపడును.

పొరపాటునకు మొదటి కారణము ఒక పరదేశి. ఇటలీ దేశమున వెనీసు నగరపు వర్తకుడు మార్కోపోలో 13వ శతాబ్ది చివర చీనాదేశము నుండి సముద్రమార్గమున స్వదేశమునకు మరలుచు మన తీరమును గూర్చిన విశేషములు సేకరించెను. 1298లో జెనోవా నగరమున చెరలో నుండగా తన యాత్రావృత్తాంతమును తోడి ఖైదీ యొకనిచే వ్రాయించెను. అందు మోటుపల్లి రేవు పేరునే రాజ్యమునకు పెట్టి, ఆ రాజ్యమును ఒక రాణి యేలుచున్నదనియు, భర్తయైన రాజు మరణించిన పిదప నలువదియేండ్లుగా న్యాయము తప్పక పాలించుచున్నదనియు, మరల వివాహము తలపెట్టలేదనియు తెలిపెను. అక్కడి వజ్రములను, సాలెగూటివలె సన్నమైన వస్త్రములను మెచ్చుకొనెను. పరదేశపు వర్తకుని మెప్పు పొందిన రాణి యని మనవారు సంతసించుట సహజమే. కాని ఆమెకు ముందు ఓరుగల్లు నేలినవాడు గణపతిదేవుడు. మార్కోపోలో మాటను ఉన్నదున్నట్లు నమ్మినచో రుద్రమ గణపతిదేవుని వితంతువు కావలసివచ్చును. 19వ శతాబ్దిలో మన దేశచరిత్రను వ్రాసిన ఆంగ్లేయులు పలువురు అట్లే నమ్మిరి.

తప్పు మార్కోపోలో నెత్తిన వేసి ఊరకుండుట ధర్మము కాదు. మన గాథలును అదే దారి త్రొక్కినవి. కాకతీయ సామ్రాజ్యము అంతరించిన పిదప చాలకాలమునకు పుట్టిన ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము వంటి గ్రంథములు రుద్రమను గణపతిదేవుని రాణిగా చిత్రించినవి. ఆమెపై తిరుగబడిన హరిహరదేవ, మురారిదేవులను రాజపుత్రుల కథయు అట్టి గ్రంథములలోనిదే. గణపతిదేవునికి కుమారులున్నట్లు చెప్పు శాసన మొక్కటియు లేదు. కథలు చెప్పువారు ఇంటి పెద్దను, పిన్నను తారుమారు చేయుట మన పల్లెలలోను చూచుచునే యున్నాము. నాలుగు తరములు గడచినచో మేనత్త తాతమ్మ యగును, తాతమ్మ అవ్వ యగును.

రెండవ కారణము ఆమె పేరే. శాసనములలో ఆమె తరచుగా రుద్రమదేవిగా గాక రుద్రదేవ మహారాజుగా కనబడును. పురుషనామము, పురుష బిరుదము. అదే వంశమున గణపతిదేవునికి పెదతండ్రియు, హనుమకొండలో వేయిస్తంభముల గుడిని 1163లో కట్టించినవాడును అయిన రుద్రదేవుడు వేరొకడు గలడు. తేదీ చూడక శాసనము చదివినవానికి ఇద్దరును ఒక్కరుగా తోచెదరు. పేరును బట్టి చూచిన ఆమె స్త్రీ యనియే తెలియదు. స్త్రీ యని తెలిసినను ఎవరి కూతురో తెలియదు.

ఇక రాళ్ల సంగతి. సామాన్యుల ఇండ్లలో వంశవృక్షము పెద్దల నోట నుండును. లేదా పురోహితుని తాటాకులలో నుండును. కాకతీయుల ఇంట అది చెరువు కట్టపై, గుడి ముంగిట రాతిపై నున్నది. విశేషమేమనగా, ఆ వంశపు వివరములను రాతికెక్కించినవారిలో ఆ యింటి ఆడుపడుచులు ముఖ్యులు.

వారిలో మొదట చెప్పదగినది గణపతిదేవుని సోదరి మైలాంబ. నేటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున ఆమె పెద్ద చెరువు త్రవ్వించి, దాని కడ శాసనము నిలిపెను. ఆమె నతవాడి ప్రభువుల కోడలు. అత్తవారింట నుండియు పుట్టింటి పెద్దల పేర్లు మరువలేదు. వెన్నరాజు మొదలుకొని గుండరాజులు, ఎఱ్ఱరాజు, బేతరాజులు, ప్రోలరాజులు అను వరుసతో తన తమ్ముల తాతల వరకు చెప్పుచు వచ్చెను. కాకతి యను పురమును ఏలుటచే ఆ వంశమునకు ఆ పేరు వచ్చినదను మాటకును ఈ శాసనమే ఆధారము. ఈ బయ్యారము శాసనము దొరకునంతవరకు కాకతీయుల తొలి తరములను గూర్చి పండితులు ఊహలపైననే ఆధారపడిరి. చెరువు నీటితో పొలములు తడిపిన ఆ యిల్లాలు, మన చరిత్రకును ఒక పంట పండించెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఆ వంశమున గణపతిదేవుడు రాజైన తీరు కూడ తెలియవలెను. వేయిస్తంభముల గుడి కట్టించిన రుద్రదేవునికి సంతానము లేదు. ఆయన పిదప తమ్ముడు మహాదేవుడు రాజై, దేవగిరి యాదవులతో యుద్ధమున మరణించెను. ఆ యుద్ధముననే మహాదేవుని కుమారుడు గణపతి శత్రువుల చేజిక్కెను. రాజ్యము చెదరిపోవలసిన సమయమున సేనాని రేచర్ల రుద్రుడు దానిని నిలబెట్టెను. పాలంపేటలో రామప్ప గుడిని 1213లో కట్టించినవాడు ఈ రేచర్ల రుద్రుడే. రేచర్ల వంశమువారి గుళ్లు నల్లగొండ ప్రాంతమువారికి క్రొత్త కావు. సూర్యాపేట చేరువ పిల్లలమఱ్ఱిలో నేటికిని చూడవచ్చును. యాదవులు విడిచిపెట్టిన గణపతిదేవుడు 1199లో సింహాసన మెక్కి అరువదియేండ్లకు పైగా పాలించెను. తీరాంధ్రమును జయించెను. మోటుపల్లి రేవునకు వచ్చు విదేశ వర్తకులకు అభయమిచ్చుచు 1244లో శాసనము వేయించెను. దివిసీమకు చెందిన జాయపసేనాని చెల్లెండ్రు నారాంబ, పేరాంబలను వివాహమాడెను. ఇంత పెద్ద రాజ్యమును కట్టినవానికి మగసంతానము లేకపోయెను. కూతుండ్రు ఇద్దరే తెలియుచున్నారు. ఒకతె రుద్రమ, రెండవది గణపాంబ.

గణపాంబ ధరణికోట నేలిన కోట వంశపు బేతరాజు భార్య. భర్త గతించిన పిమ్మట ఆయన పేర బేతేశ్వరుని ప్రతిష్ఠించి, గుంటూరు సీమలోని యనమదలలో శాసనము వేయించెను. అందు తన భర్త వంశమును మాత్రమేగాక తన పుట్టింటి వంశమును కూడ చెప్పి, తాను గణపతిదేవుని కూతురనని స్పష్టము చేసెను. ఈ శాసనమును జర్మను పండితుడు హుల్చ్ శాసన పత్రికలో ప్రకటించినప్పుడు గణపతిదేవుని కుటుంబమును గూర్చిన ఒక గట్టి ఆధారము లభించినది. తండ్రి పేరే కూతురికి పెట్టిరని కూడ తెలిసినది. గణపతి కూతురు గణపాంబ. ఇక పెదతాత రుద్రదేవుని పేరు పెట్టుకొన్నది రుద్రమ. పేర్లు చూచినను ఇద్దరును ఒక్క యింటి బిడ్డలని తెలియును. కాని పేరు పోలిక సాక్ష్యము కాదు. సాక్ష్యము మరియొకచోట దొరకినది.

కృష్ణకు దక్షిణపు గట్టున, మందడము చేరువ మల్కాపురమను చోట ఒక పెద్ద రాతిస్తంభము గలదు. శకసంవత్సరము 1183, దుర్మతి నామ సంవత్సరము, అనగా క్రీ.శ. 1261 నాటిది. రుద్రమదేవి పేరు చెప్పువారు ఈ స్తంభమును మరువరాదు. గోళకీమఠమునకు చెందిన విశ్వేశ్వర శివాచార్యుడు గణపతిదేవునికి దీక్షాగురువు. ఆయనకు గణపతిదేవుడు మందరమను గ్రామమును ఇచ్చెదనని మాట యిచ్చెను. కాని ఆ మాట శాసనముగా మారలేదు. తరువాత గణపతిదేవుని కుమార్తె రుద్రదేవి తండ్రి ఇచ్చిన మాట నిలుపుచు, మందరముతో పాటు వెలగపూడిని కూడ చేర్చి దానము చేసి, రాతిపై వ్రాయించెను. గణపతిదేవుని కూతురను మాటలో సందేహమునకు తావు లేదు. ఆమె జీవించియుండగనే, ఆమె ఆజ్ఞచేతనే, ఆమె తండ్రికి గురువైనవాని మఠమున నిలిపిన రాయి అది. ఇంతకంటె పెద్ద సాక్షి ఎవరుందురు? మార్కోపోలో విన్నది రేవులోని ఓడవారి నోట. ఏకామ్రనాథుడు విన్నది తరములు మారిన కథకుల నోట. మల్కాపురపు స్తంభము పలుకునది ఇంటివారి మాట.

ఆ శాసనమున తండ్రి పేరు మాత్రమే యుండి యుండినను అది అమూల్యమే. కాని అందు మరియు చూడదగినవి పెక్కు గలవు. ఆ దానముతో విశ్వేశ్వర శివాచార్యుడు గుడి, మఠము, అన్నసత్రము, వేదములు తర్కము సాహిత్యము ఆగమములు చెప్పు పాఠశాల, రోగులకు వైద్యశాల, గర్భిణీస్త్రీలకు ప్రసూతిశాల నెలకొల్పెను. ఏ శాలకు ఎంత భాగము రావలెనో, ఎవరెవరికి ఎంత భూమియో శాసనమే చెప్పుచున్నది. చదువు చెప్పువారు, వైద్యుడు, లెక్కలు వ్రాయు కరణము, వంటవారు, ఊరి కావలికి వీరముష్టులు అందరును అందు కలరు. అన్నము పెట్టుటకు వచ్చినవాని కులము చూడవద్దని విధించిన ధర్మమును కూడ ఆ రాతిలోనే కాననగును. తెలుగునేలపై ప్రసూతిశాలను గూర్చి ఇంత పాత రాతి లెక్క దొరకుట అరుదు. ఒక ఆడుది రాజ్యమేలుట వలననే ఆ శాల వెలసినదని తేల్చి చెప్పుటకు వీలులేదు, దాని కర్త శివాచార్యుడు. అయినను దానము చేసినది రుద్రమ యని మరువలేము.

ఈ మల్కాపురము శాసనమును సంపాదించి ప్రకటించినవారు జయంతి రామయ్య పంతులు. అది పరిశోధకుల చేతికి వచ్చిన పిదప, రుద్రమ గణపతిదేవుని భార్య యను వాదము నిలువలేదు. దానికి తోడు మరియొక సాక్ష్యము శత్రువుల యింటనే యున్నది. దేవగిరి యాదవ రాజు మహాదేవుని మంత్రి హేమాద్రి తన వ్రతఖండమున తన ప్రభువును పొగడుచు, ఆంధ్రులు భయముతో ఒక స్త్రీని సింహాసనమున కూర్చుండబెట్టిరనియు, స్త్రీ యగుటచే మహాదేవుడు ఆమెను చంపక విడిచెననియు వ్రాసెను. ఇది వట్టి పొగడ్త. ఓరుగల్లు గెలువలేక మరలినవారు చెప్పుకొను మాట. అయినను ఓరుగల్లున మహారాజ బిరుదముతో నేలినది స్త్రీయే యని పగవాడే ఒప్పుకొనుట మనకు లాభము.

ఇక ఆ పురుషనామపు రహస్యము. ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు తన ప్రతాపరుద్ర యశోభూషణములో గణపతిదేవుడు కూతురికి రుద్రుడను మగపేరు పెట్టిన సంగతి ప్రస్తావించెను. కుమారుడు లేని రాజు కూతురినే కుమారునిగా భావించి, రాజ్యాధికారము నిచ్చుటకు ముందే ఆమెకు ఆ పేరును ఆ బిరుదమును ఇచ్చెను. సామంతులు స్త్రీకి తలయొగ్గుటకు వెనుదీయుదురని ఆయన ఎరుగును. పేరుతోనైనను వారి అభిమానమునకు కొంత సందు విడిచెను. ఆ ఉపాయము కొంతవరకు ఫలించినది. కాని తరువాతివారిని మోసగించినదియు ఆ యుపాయమే.

భర్త మాట వచ్చినప్పుడును శాసనములు, గ్రంథములు ఏకమై యున్నవి. నిడదవోలు నేలిన తూర్పు చాళుక్య వంశపు ఇందుశేఖరుని కుమారుడు వీరభద్రుడు రుద్రమ భర్త. ఆయనకు ఓరుగల్లు సింహాసనముపై అధికారము లేదు. రాజ్యము రుద్రమది. వారికి కూతుండ్రు ముగ్గురు. పెద్దది ముమ్మడమ్మ. ఆమెను కాకతి వంశమువాడేయైన మహాదేవునికి ఇచ్చిరి. వారి కొడుకు ప్రతాపరుద్రుడు. రెండవది రుయ్యమ. ఆమెను ఇందులూరి అన్నయమంత్రి వివాహమాడెను. మూడవది తల్లి పేరునే పొందిన రుద్రమ. ఆమెను యాదవ రాజపుత్రుడు ఎల్లణదేవుడు చేపట్టినట్లు ఆలపాడు శాసనము చెప్పుచున్నది. కొడుకు లేని తండ్రికి కూతురై, కొడుకు లేని తల్లియై, మనుమని రాజుగా చేసిన రాణి ఈమె. ఇట్లు రెండు తరములు సింహాసనము కూతురి గుండా నడచినది. ఈ సంగతి యెరుగని కథకులు తాతను తండ్రిని, అవ్వను తల్లిని చేసి ముడివేసిరనుటలో ఆశ్చర్యమేమి?

గణపతిదేవుని చివరి దినములలో రాజ్యము చిక్కులలో పడెను. దక్షిణమున పాండ్యులు నెల్లూరు వైపు బలపడిరి. వృద్ధుడైన రాజు పాలనను కూతురి చేతికి విడిచెను. మల్కాపురపు దానమున 1261 నాటికే ఆమె ఆజ్ఞ నడచుట మనము చూచితిమి. 1262 నుండి ఆమె పాలనయే. సామంతులలో కొందరు తిరుగబడిరి. దేవగిరి మహాదేవుడు దండెత్తి వచ్చెను. ఆమె సేనలు ఆయనను తరిమికొట్టినవి. ఆమె సేనాని సింద వంశపు భైరవుని శాసనము బీదరు కోటలో దొరకుట, ఆమె దండు అంత పడమటికి చొచ్చుకొనిపోయినదనుటకు నిదర్శనము. రాయగజకేసరి యను బిరుదము ఆమెకు గలదు. ఓరుగల్లు స్వయంభూదేవాలయ ప్రాంగణమున దొరకిన స్తంభశిల్పములలో సింహముపై నెక్కి కత్తి డాలు ధరించిన స్త్రీమూర్తి ఆ బిరుదమునకు గుర్తని పండితులు భావించిరి.

నల్లగొండ చేరువ పానగల్లులోను ఆమె పాలనకు గురుతు గలదు. 1267 నాటి పానగల్లు శాసనమున యాదవ వంశపు రాజపుత్రుడు శార్ఙ్గపాణిదేవుడు తాను కాకతి రుద్రదేవ మహారాజునకు సామంతుడనని చెప్పుకొనెను. దేవగిరి రాజులతో వైరము సాగుచున్న దినములలో ఆ యాదవ వంశమువాడే వచ్చి పానగల్లున ఆమెకు లోబడియుండుట చిన్న సంగతి కాదు. పానగల్లు సోమేశ్వరుల గుళ్లు చూడబోవువారు ఆ మహారాజు మగవాడు కాడని, గణపతిదేవుని కూతురని తలచుకొని చూడవలెను.

కష్టమంతయు కాయస్థ నాయకుల వలన వచ్చినది. కడప, నెల్లూరు, గుంటూరు సీమలలో కాకతీయుల పక్షమున అధికారము నెరపిన కాయస్థ వంశమున జన్నిగదేవుడు, త్రిపురాంతకుడు విశ్వాసముతో నుండిరి. వారి తమ్ముడు అంబదేవుడు 1272 ప్రాంతమున అధికారమునకు వచ్చి క్రమముగా స్వతంత్రించెను. కాకతీయుల మిత్రులను ఒక్కొక్కరినే ఓడించి, పాండ్యులతోను యాదవులతోను చేతులు కలిపెను. 1290లో త్రిపురాంతకమున తన విజయములనెల్ల చెక్కించుకొనెను. ఆ రాతిలో కాకతీయులకు లోబడినవాడనను మాట లేదు. ఒక సామంతుడు ఇంత ధైర్యము చేయుటకు ముందు ఏమో జరిగియుండవలెను. ఆ జరిగినదేమో త్రిపురాంతకపు రాయి చెప్పదు. చందుపట్ల రాయి చెప్పును.

చాలకాలము చరిత్రకారులు రుద్రమదేవి 1295 లేక 1296 వరకు పాలించెనని వ్రాసిరి. వారికి దొరకిన ఆధారములు అంతవరకే యుండెను. చందుపట్ల శాసనము వెలువడిన పిదప ఆ లెక్క మారినది. ఈ శాసనమును పరిశీలించి దాని విలువను లోకమునకు చాటినవారు పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రి. 1978లో వెలువడిన వారి కాకతీయ చరిత్రమున ఈ శాసనము రుద్రమ మరణకాల నిర్ణయమునకు ప్రమాణమైనది. శాసనములను ఏరి అచ్చు వేయించు పని తెలంగాణమున గ్రంథాలయోద్యమముతోడనే పెరిగినది. హైదరాబాదున 1922లో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును 1935లో ప్రకటించినప్పుడు, గ్రంథాలయములకు వెళ్లి చదువుకొను పల్లెవారికి తమ యూరి రాతిలోని అక్షరములు మొదటిసారి అచ్చులో కనబడినవి.

చందుపట్ల శాసనము చాల చిన్నది. శకసంవత్సరము 1211, విరోధి సంవత్సరము, మార్గశిర శుద్ధపక్షమున, అనగా 1289 నవంబరు 27న వ్రాయబడినది. వ్రాయించినవాడు పువ్వుల ముమ్మడి. రాజు కాడు, మంత్రి కాడు, సామంతుడు కాడు. మల్లికార్జున నాయకుని బంటు. కాకతి రుద్రమదేవియు, తన యేలిక మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయిన సందర్భమున వారిద్దరికిని పుణ్యము కలుగుటకై చందుపట్ల సోమనాథదేవునికి కొంత భూమి నిచ్చెను. ఇంతయే. యుద్ధమను మాట లేదు, పగవాని పేరు లేదు, విలాపము లేదు. కాని మల్లికార్జున నాయకుడు రుద్రమదేవి సేనాని. రాణియు, ఆమె సేనానియు ఒక్కమారుగా గతించిరి. సేనాని బంటు, ఓరుగల్లునకు దూరముగా దారిలోని ఒక పల్లెలో, ఇద్దరి పేరనొక్కటే దానము చేసెను. ఇవన్నియు కలిపి చూచినచో ఇద్దరును యుద్ధరంగముననే పడిరని పండితులు ఊహించుట సమంజసముగనే తోచుచున్నది. ఆ యుద్ధము అంబదేవునితోనే యని వారి అభిప్రాయము. మరుసటి యేట అంబదేవుడు త్రిపురాంతకమున వేయించిన గర్వపు రాతితో ఇది సరిపోవుచున్నది.

వివాహము 1240 ప్రాంతమున జరిగెనను లెక్క ప్రకారము ఆమె వయస్సు అప్పటికి అరువదికి తక్కువ కాదు. ఆ వయస్సున గుఱ్ఱమెక్కి తిరుగుబాటు నణచుటకు బయలుదేరినది. అంతఃపురమున విశ్రాంతి తీసికొనుటకు ఆమెకు మనుమడు లేకపోలేదు, సేనానులు లేకపోలేదు. అయినను వెళ్లినది.

చందుపట్ల తేదీ నిశ్చయమైన పిదప మార్కోపోలో మాట కూడ కొంత విడిపోవుచున్నది. ఆయన చీనా విడిచినది 1292లో. అప్పటికి రుద్రమ గతించి మూడేండ్లయినది. ఏలుచున్న రాణియని ఆయన వ్రాసినది ఆమె కీర్తిని గూర్చి రేవులలో ఇంకను చెప్పుకొనుచున్న మాట. రాజు పోయిన పిదప రాణి చిరకాలము పాలించినదని వారు చెప్పిరి. ఆ పోయిన రాజు ఆమె తండ్రి. రాజు తరువాత రాణి యన్నచో భార్యయే యని పరదేశి యెంచెను. ఆయన దేశమున కూతురు మగపేరు పెట్టుకొని చక్రవర్తియగుట వినని సంగతి.

పువ్వుల ముమ్మడి దానము చేసిన రెండేండ్లకు, 1291లో, ప్రతాపరుద్రుని సేనలు త్రిపురాంతకముపై నడచినవి. వాటిని నడపినవారిలో ఒకడు మనుమ గన్నయ. మరియొకడు ఇందులూరి అన్నయదేవుడు. అన్నయ రుద్రమదేవి రెండవ కూతురు రుయ్యమ భర్త. అత్తగారిపై తిరుగబడినవానిపై అల్లుడు కత్తి దూసెనన్నమాట. అంబదేవుడు త్రిపురాంతకమును విడిచి దక్షిణమున ములికినాటికి వెనుదీసెను. అన్నయదేవుడు త్రిపురాంతకేశ్వరునికి దానము చేసి అక్కడ తన శాసనమును నిలిపెను. ప్రతాపరుద్రుడు 1323 వరకు ఓరుగల్లు నేలెను.